గోడకు ఇవతల నుంచి విన్న ఇంజిన్లు

డ్రై క్లీనింగ్‌కు ఇచ్చిన కోటు మొన్న తిరిగి వచ్చింది. ప్లాస్టిక్ తొడుగు విప్పగానే తియ్యగా, కొంచెం మత్తుగా ఉండే ఒక వాసన గదిలో పరచుకుంది. అది బట్టల మరకలు తీసే పర్‌క్లోరోఎథిలీన్ అనే ద్రవం వాసన. దాదాపు అలాంటి వాసనే ఉండే ట్రైక్లోరోఎథిలీన్ తొట్ల పక్కన నిలబడి నేను రాకెట్ ఇంజిన్ల పని మొదలుపెట్టాను. ద్రవ ఆక్సిజన్ పారే గొట్టాలనూ వాల్వులనూ జిడ్డు లేకుండా కడగడానికి అప్పట్లో దానినే వాడేవారు. అది ఒంటికి హాని చేస్తుందని, క్యాన్సర్ కారకమని తేలిన తరువాత దాని వాడకం మెల్లమెల్లగా తగ్గిపోయింది. ఇప్పుడు పరిశోధనశాలలకు వచ్చే పిల్లలకు ఆ వాసన తెలియదు, తెలియకపోవడమే మంచిది. నాకు మాత్రం ఆ వాసన వెంట ఒక కాలమంతా కదిలి వచ్చింది.

ద్రవ ఇంధన ఇంజిన్లలో దహనం ఎలా సాగుతుంది, ఎప్పుడు అదుపు తప్పుతుంది అనే విషయం మీద పరిశోధన చేస్తూ నా ఉద్యోగ జీవితం గడిచింది. ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థులు ఏ కోర్సులు చదవాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని అడుగుతూ ఉంటారు. వాటికి జవాబులు చెప్పగలను. అయితే నేను నేర్చుకున్న దానిలో చాలా భాగం చెవి ద్వారా, ముక్కు ద్వారా, వేలి కొసల ద్వారా వచ్చింది. అది ఏ సిలబస్‌లోనూ లేదు. దానిని నేర్పిన మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఇంజిన్‌ను బిగించి మండించి చూసే మా టెస్ట్ స్టాండ్ మేస్త్రి గారు పోయి ఏడాది కావస్తోంది. ఆయన దగ్గరా, మా గురువుగారి దగ్గరా గడిపిన రోజులను గుర్తున్నంత మేరకు ఇక్కడ రాసిపెడుతున్నాను.

నల్లబల్ల మీద రెండు అంకెలు

కాలేజీలో నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. థర్మోడైనమిక్స్ అంటే ఇష్టం ఉండేది కాని, అది బాయిలర్ల లెక్కల దగ్గరా టర్బైన్ల లెక్కల దగ్గరా ఆగిపోయేది. పై చదువులో చేరిన మొదటి వారంలో గురువుగారు తరగతికి వచ్చి, పరిచయాలేవీ లేకుండా నల్లబల్ల మీద రెండు అంకెలు రాశారు. ఒకటి 3,300, రెండోది 1,085. మొదటిది రాకెట్ దహన గదిలో వాయువులు సుమారుగా చేరుకునే ఉష్ణోగ్రత, రెండోది రాగి కరిగే ఉష్ణోగ్రత, రెండూ సెల్సియస్‌లోనే. "ఈ గది గోడను రాగి మిశ్రమంతో చేస్తారు. మరి అది ఎందుకు కరగదు?" అని అడిగి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎవరికి తోచింది వారు చెప్పాం. ఆయన ఏ జవాబునూ కాదనలేదు, అవుననలేదు.

అసలు సంగతి మరుసటి తరగతిలో వివరించారు. గదిలో మండవలసిన ఇంధనాన్నే ముందుగా గోడలో చెక్కిన సన్నని కాలువల గుండా పారిస్తారు. అది గోడకు తగిలిన వేడిని తాను తీసుకుని, ఆ తరువాత దానిని గదిలోకి చిమ్మే ఇంజెక్టర్ గుండా వెళ్ళి మండుతుంది. ఆ విధంగా వేడి వృథా కాదు, గోడా నిలబడుతుంది. కాలువకూ మంటకూ మధ్య ఉండే లోహం మందం చాలా ఇంజిన్లలో ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక పక్క దేనినైనా కరిగించగల వేడి, మరో పక్క చల్లని ద్రవం, నడుమ ఆ రేకంత లోహం. దానికి అటూ ఇటూ జరిగేదంతా తెలుసుకోవాలన్న కోరికే నన్ను ఈ రంగంలో నిలిపింది.

1903లో రష్యాలో బడిపంతులుగా పనిచేస్తూ కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ ప్రచురించిన రాకెట్ సమీకరణాన్ని కూడా ఆయన దగ్గరే శ్రద్ధగా చదివాం. రాకెట్ పొందే వేగం రెండింటి మీద ఆధారపడుతుంది: ఇంజిన్ చివర గంటలా ఉండే నాజిల్ నుంచి వాయువులు వెలువడే వేగం ఒకటి, ఇంధనం నిండుగా ఉన్నప్పటి బరువుకూ ఖాళీ అయ్యాక మిగిలే బరువుకూ మధ్య నిష్పత్తి రెండోది. ఆ నిష్పత్తి సమీకరణంలో లాగరిథం రూపంలో ఉంటుంది కనుక ఇంధనాన్ని రెట్టింపు చేసినంత మాత్రాన వేగం రెట్టింపు కాదు. మొదటిదాన్ని మాత్రం ఎంత పెంచితే వేగం అంతే పెరుగుతుంది. "ఆ మొదటిదే మన పని" అన్నారు గురువుగారు. అమెరికాలో రాబర్ట్ గొడార్డ్ 1926 మార్చి 16న ద్రవ ఆక్సిజన్‌తో, గ్యాసోలిన్‌తో ఎగరేసిన మొట్టమొదటి ద్రవ ఇంధన రాకెట్ గురించి చెప్పినప్పుడు కూడా, అది 12 మీటర్ల పైచిలుకు ఎత్తు చేరిందన్న విషయం కంటే రెండున్నర సెకన్లు పాటు ఎగిరిందన్న విషయం మీదనే ఆయన ఎక్కువసేపు నిలిచారు. ఆ రెండున్నర సెకన్ల వెనుక ఎన్నేళ్ళ పని ఉందో లెక్కవేసి రమ్మన్నారు. ఆ లెక్క అప్పుడు పాఠంలా అనిపించింది. టెస్ట్ స్టాండ్‌కు వెళ్ళాక మా దినచర్య కూడా అదేనని తెలిసింది.

తరువాత పీహెచ్‌డీ, ఆ పైన పరిశోధనశాలలో ఉద్యోగం. గ్యాస్ డైనమిక్స్, ఉష్ణ ప్రసారం, దహన రసాయనం, లోహాల బలం, కంపనాల శాస్త్రం ఇవన్నీ విడివిడిగా చదివినవే. ఇంజిన్ దగ్గరకు వచ్చేసరికి వాటి మధ్య గోడలు ఉండవు. ఒక పగులు వస్తే అది లోహం తప్పో, వేడి తప్పో, ధ్వని తప్పో ఆ పగులు చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

కడుగుడు గది

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను లెక్కల దగ్గర కూర్చోబెడతారనుకున్నాను. కడుగుడు గదికి పంపారు. అక్కడ మేస్త్రి గారు ఉండేవారు. మనిషి సన్నగా, మాట ఇంకా సన్నగా. ఆయన గొంతు పెంచగా నేను ఎన్నడూ వినలేదు.

ద్రవ ఆక్సిజన్ -183 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అది తనంతట తాను మండదు, కాని తనకు తగిలిన దేనినైనా మండేలా చేస్తుంది. గొట్టం లోపల ఒక వేలిముద్రంత నూనె మిగిలినా, వాల్వు తెరుచుకున్న అదురుకు అది అంటుకోవచ్చు. ఒకసారి అంటుకుంటే ఆక్సిజన్ సమక్షంలో స్టీలు కూడా మండుతుంది. అందుచేత ప్రతి భాగాన్నీ తొట్టిలో ముంచి కడిగి, పొడి నైట్రోజన్‌తో ఆరబెట్టి, చీకటి చేసిన అరలో అల్ట్రావయొలెట్ దీపం కింద తిప్పి తిప్పి చూసేవారు. చాలా రకాల నూనెలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. ఆ తరువాత నూలు పోగులు రాలని తెల్ల గుడ్డతో లోపల తుడిచి, ఆ గుడ్డను మళ్ళీ దీపం కింద పెట్టేవారు. గుడ్డ శుభ్రంగా ఉంటేనే భాగాన్ని సంచిలో పెట్టి మూతి అంటించేవారు. సంచి మీద తేదీ, కడిగినవారి సంతకం, చూసినవారి సంతకం తప్పనిసరి.

ఆయన చూపు ఎప్పుడూ చేతుల మీదనే ఉండేది. "అమ్మా, ఆ తొడుగు బల్ల అంచుకు తగిలింది, మార్చుకుని రా" అనేవారు. ఆ మాటలో విసుగు గాని, మందలింపు గాని ఉండేది కాదు. పెద్ద అధికారులు వచ్చినా అదే మాట, అదే గొంతుతో చెప్పేవారు, వాళ్ళూ మారు మాట్లాడకుండా మార్చుకునేవారు. ఆ గదిలో హోదా అనేది ఎలా పనిచేయాలో నాకు అక్కడే అర్థమైంది.

వాసనల సంగతి వచ్చింది కనుక మరో మాట. మరో విభాగంలో హైడ్రజీన్ జాతి ఇంధనాలతో, నైట్రోజన్ టెట్రాక్సైడ్‌తో పనిచేసేవారు. ఆ రెండూ కలిస్తే నిప్పు అవసరం లేకుండా వాటంతట అవే అంటుకుంటాయి. ఇంజిన్‌ను మళ్ళీ మళ్ళీ వెలిగించవలసిన చోట అది గొప్ప సౌకర్యం. మనుషులకు మాత్రం రెండూ విషమే. ఆ ఇంధనం చేపల వాసన వేస్తుందని, టెట్రాక్సైడ్ పొగ ఎర్రగోధుమ రంగులో ఉంటుందని మాకు ముందే చెప్పారు. వాసన తెలిసిందంటే అప్పటికే ప్రమాదపు హద్దు దాటినట్టేనని కూడా చెప్పారు. అక్కడివారు తల నుంచి కాళ్ళ దాకా మూసిన దుస్తులలో, వీపున గాలి సిలిండర్‌తో నడిచి వెళ్తుంటే మేము దారి ఇచ్చి పక్కకు నిలబడేవాళ్ళం.

నీటి తెరలు

ఇంజిన్‌కు నిప్పు పెట్టే ముందు ఇంజెక్టర్ పళ్ళాన్ని నీళ్ళతో పరీక్షిస్తారు. నా ఉద్యోగంలో నాకు అన్నింటికంటే ఇష్టమైన పని అది.

మా పళ్ళెం అరచేయంత ఉండేది. దాని ముఖం మీద ఒక మిల్లీమీటరు కంటే చిన్న రంధ్రాలు జంటలు జంటలుగా, ఒకదాని వైపు ఒకటి వంగి ఉండేవి. నీటి వాల్వు తిప్పగానే ప్రతి జంట నుంచీ రెండు సన్నని ధారలు వచ్చి, పళ్ళానికి కొంచెం దూరంలో ఢీకొని, ఆ తాకిడికి చదునుగా పరుచుకుని ఒక పలుచని తెరగా విచ్చుకునేవి. తెర అంచులు అలలు అలలుగా వణికి, దారాల్లా చీలి, చివరికి తుంపరగా మారేవి. దీపాన్ని వెనుక నుంచి పెడితే ఒక్కొక్క అల విడివిడిగా కనిపించేది. ఇంజిన్‌లో ఇదే తెర ఇంధనంతో, ఆక్సిజన్‌తో ఏర్పడి, చూడటానికి వీలు లేని వెలుగులో, సెకనులో వెయ్యో వంతుల వ్యవధిలో మండిపోతుంది. మండే ముందు అది ఎలా ఉంటుందో కళ్ళతో చూసే అవకాశం ఆ నీళ్ళ దగ్గరే.

ఒక రంధ్రం అంచున వెంట్రుకంత లోహపు పొర మిగిలి ఉన్నా ధార పక్కకు వాలుతుంది. అప్పుడు జంట ధారలు సరిగా ఢీకొనవు, తెర ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ పక్క గోడకు ఆక్సిజన్ ఎక్కువ చేరితే గోడ మాడుతుంది. తుంపర ఎక్కడ ఎంత పడుతోందో కొలవడానికి కింద వరుసగా గాజు గొట్టాలు పేర్చి, నిర్ణీత సమయం నీరు పట్టి, మట్టాలు రాసుకునేవాళ్ళం. మేస్త్రి గారు గొట్టాల కంటే ముందే వేలు ముందుకు చాపి, ఒక్కొక్క తెర గుండా నెమ్మదిగా దాటించేవారు. ఎక్కడ దళసరిగా ఉందో వేలికి తెలిసేదట. "మూడో వరుసలో ఐదోది చూడండి" అనేవారు. భూతద్దం పెట్టి చూస్తే అక్కడ అంచు గరుకుగా ఉండేది. నేనూ ఆ వేలి విద్యను నేర్చుకోవడానికి ప్రయత్నించాను. చాలా కాలానికి కొంత వచ్చింది.

పరీక్ష రోజు

మా చిన్న ఇంజిన్లు మండేది కొన్ని సెకన్లే. దాని కోసం వారాల తరబడి పని జరిగేది. పరీక్ష రోజున చీకటి ఉండగానే స్టాండ్ దగ్గరకు చేరేవాళ్ళం. ముందుగా ఆక్సిజన్ గొట్టాలను చల్లబరచాలి. వెచ్చని గొట్టంలోకి వచ్చిన ద్రవం వచ్చినట్టే మరిగి ఆవిరవుతుంది కనుక తొలి నిమిషాల్లో లోపల గుడగుడలు, గొట్టం పొడవునా టకటకమని లోహం ముడుచుకునే చప్పుళ్ళు, పైన రిలీఫ్ వాల్వు బుసలు వినిపించేవి. మెల్లగా గొట్టం మీద తెల్లటి మంచు పేరుకునేది. బుసలు తగ్గి, గుడగుడ ఆగిపోయిందంటే గొట్టం నిండా ద్రవమే ఉందన్నమాట. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ సూది ఆ సంగతి చెప్పడానికి కొంచెం ముందే మేస్త్రి గారు తల ఊపేవారు.

సైరన్ మోగాక అందరం కాంక్రీటు గోడకు ఇవతల కంట్రోల్ గదిలోకి వచ్చేవాళ్ళం. లెక్క వెనక్కి మొదలయ్యేది. చివరి సెకన్లు మనిషి చేతిలో ఉండవు, సీక్వెన్సర్ అనే యంత్రం నడుపుతుంది. నైట్రోజన్ ఊదడం, నిప్పు రాజేసే ఇగ్నైటర్ వెలగడం, వెలిగిందని రుజువు రావడం, ఆ తరువాతే ప్రధాన వాల్వులు తెరుచుకోవడం, ఇవన్నీ మిల్లీసెకన్లలో కూర్చిన వరుస. వెలగక ముందే ఇంధనమూ ఆక్సిజనూ గదిలో పోగుపడితే, ఆ తరువాత వెలిగినప్పుడు అది మంటలా కాక పేలుడులా వెలుగుతుంది. అందుకే వాల్వు ఎంత త్వరగా తెరుచుకుంటుందో ప్రతి పరీక్షకు ముందూ కొలిచేవాళ్ళం.

వెలిగిన క్షణం చెవికంటే ముందు పాదాలకు తెలిసేది. నేల అదిరేది. తరువాత గోడ గుండా గర్జన వచ్చేది. మసకబారిన మందపాటి అద్దంలోంచి చూస్తే నాజిల్ చివర నుంచి వచ్చే జ్వాలలో వజ్రాలు పేర్చినట్టు వెలుగు ముక్కలు కదలకుండా నిలిచి ఉండేవి. అవి ధ్వని వేగాన్ని మించి వెలువడే వాయువులలో ఏర్పడే షాక్ తరంగాలు. కదలకుండా నిలిచాయంటే గదిలో పీడనం స్థిరంగా ఉందని అర్థం. నేను వాటి వైపు చూస్తూ ఉంటే, మేస్త్రి గారు కళ్ళు మూసుకుని నిలబడేవారు.

మూడు చప్పుళ్ళు

ఆయన దేని కోసం వినేవారో నా పరిశోధన విషయమే అదయ్యాక పూర్తిగా తెలిసింది. సాఫీగా మండే ఇంజిన్ చప్పుడు ఒకే బరువుతో, ఎక్కడా ఎత్తుపల్లాలు లేకుండా సాగుతుంది. రెండో రకం గరగర. గదిలో పీడనం ఊగి, ఆ ఊపు ఇంధన గొట్టాల దాకా పాకి, ప్రవాహం కూడా దానితో పాటు ఊగినప్పుడు వస్తుంది. సెకనుకు వంద, రెండు వందల కంపనాల లోపు ఉంటుంది కనుక దానిని ఒంటితో కూడా వినవచ్చు. ఇంజెక్టర్ దగ్గర పీడనం తగ్గుదలను పెంచితే చాలాసార్లు అది సర్దుకుంటుంది. మూడోది కూత. గది లోపలి వాయువే ఒక వాద్యంలా మోగడం మొదలుపెడుతుంది. అక్కడ ధ్వని వేగం సెకనుకు సుమారు 1,200 మీటర్లు, గాలిలో కంటే మూడు రెట్లు ఎక్కువ. గది ఎంత చిన్నదైతే కూత అంత సన్నగా ఉంటుంది, మా వంటి చిన్న ఇంజిన్లలో సెకనుకు వేల కంపనాలు. దానిని మూడో రకమని పిలిచే లోపే ఇంజిన్ పాడైపోతుంది. ఊగే వాయువు గోడను అంటి ఉండే చల్లని పొరను ఊడ్చేస్తుంది, గోడకు చేరే వేడి ఎన్నో రెట్లు పెరుగుతుంది, రాగి కరుగుతుంది.

దీనికి మూలసూత్రాన్ని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1878లోనే చెప్పారు. పీడనం ఎక్కువగా ఉన్న క్షణంలోనే వేడి కూడా ఎక్కువగా విడుదలైతే ఆ కంపనం బలపడుతుంది. ఊయల వెనక్కి వచ్చి ఆగిన క్షణంలో తోసినట్టు. సూత్రం అంత సులువు. ఫలానా ఇంజిన్‌లో అలా జరుగుతుందో లేదో ముందుగా చెప్పడం ఇప్పటికీ కష్టం.

1962లో చంద్రయాత్రల కోసం అమెరికాలో తయారవుతున్న ఎఫ్-1 ఇంజిన్ ఇదే కారణంగా పరీక్షలో ధ్వంసమైంది. ఆ తరువాత ఇంజనీర్లు మండుతున్న ఇంజిన్ లోపల చిన్న బాంబులు పేల్చి, కావాలనే కంపనాన్ని పుట్టించి, అది తనంతట తాను చల్లారేదాకా ఇంజెక్టర్‌ను మార్చుతూ పోయారు. పళ్ళెం ముఖం మీద రాగి అడ్డుగోడలు నిలబెట్టి 13 అరలుగా విడదీశారు, రంధ్రాల కొలతలు మార్చారు. ఈ ఒక్క సమస్య కోసం దాదాపు 2,000 పూర్తి స్థాయి పరీక్షలు జరిగాయి. చివరికి బాంబు పేలిన తరువాత సెకనులో పదో వంతు లోపే ఇంజిన్ శాంతించే స్థితికి తెచ్చారు. మా గురువుగారు దీనిని చెప్పేటప్పుడు ఆయన కళ్ళలో ఒక భక్తి కనిపించేది. నాకు ఇప్పటికీ అంతే. సమీకరణం సమాధానం ఇవ్వనప్పుడు ఓపికతో సమాధానం రాబట్టినవారు వాళ్ళు.

మా స్టాండ్ మీద కూడా ఒక ఇంజిన్ అలాగే పోయింది. దహన సామర్థ్యం పెంచడానికి రంధ్రాలను ఇంకా చిన్నవి చేశాం. తుంపర సన్నబడి, మంట పళ్ళానికి దగ్గరగా జరిగింది. సామర్థ్యం నిజంగానే పెరిగింది, కాని వేడి విడుదలయ్యే చోటు సరిగ్గా పీడనం ఎక్కువగా ఊగే చోటుకు చేరింది. గర్జన మీద ఒక సన్నని కూత లేచింది, అద్దంలో వజ్రాలు చెదిరిపోయాయి, జ్వాల అంచు ఆకుపచ్చగా మారింది. ఆ పచ్చదనం రాగిది. ఆపివేసే సంకేతం వెంటనే వెళ్ళింది. లోపలికి వెళ్ళి చూస్తే పళ్ళెం అంచు కొరికేసినట్టు పోయింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. మేస్త్రి గారు ముక్కలను ఏరి, ఒక్కొక్కటీ ఎక్కడ దొరికిందో చీటీ కట్టి, వరుసగా బల్ల మీద పెట్టారు. సామర్థ్యమూ స్థిరత్వమూ ఒకదానినొకటి లాగుతూ ఉంటాయని ఆ తరువాత నేను రాసిన పత్రాలన్నింటికీ ఆ బల్లే మొదలు.

కాగితపు చుట్టలు

అప్పట్లో పరీక్ష ఫలితం కాగితం మీద వచ్చేది. రికార్డర్‌లో వరుసగా చిన్న అద్దాలు ఉండేవి. సెన్సర్ నుంచి వచ్చే విద్యుత్తుకు అవి తిరిగేవి, వాటి మీద పడిన అల్ట్రావయొలెట్ కిరణం వేగంగా పరుగెత్తే కాగితం మీద గీత గీసేది. రసాయనాల్లో ముంచకుండానే గది వెలుతురులో గీతలు కాసేపటికి తేలేవి. ఎక్కువసేపు వెలుతురులో ఉంచితే కాగితమంతా నల్లబడి గీతలు మాసిపోయేవి. అందుకని చదివిన వెంటనే చుట్ట చుట్టి నల్ల సంచిలో పెట్టేవాళ్ళం.

నేలంతా కాగితం పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, స్కేలుతో గీతలు కొలిచిన సాయంత్రాలు నా ఉద్యోగ జీవితంలో సంతోషమైనవి. వాల్వు తెరుచుకున్న చోటు, పీడనం లేచిన వాలు, లేచి కొంచెం పైకి పోయి సర్దుకున్న మెలిక, అన్నీ ఒక్కొక్కటిగా చదివేవాళ్ళం. గరగర ఉంటే గీత అలలుగా కనిపించేది. కూత ఉంటే గీత ఒక్కసారిగా వెడల్పయి పట్టీలా మారేది. గురువుగారు ఒకసారి వచ్చినప్పుడు గీత మీద వేలు పెట్టి, "ఇది ఎందుకిలా వంగింది?" అని ఒక మూలను చూపించారు. అది ఎవరమూ పట్టించుకోని చిన్న వంపు. వారం రోజులు దాని వెనుక పడ్డాం. ఆక్సిజన్ గొట్టంలో ఒక వంపు దగ్గర ఆవిరి బుడగ నిలిచిపోతోందని తేలింది. గొట్టం దారి మార్చగానే ఆ మెలిక పోయింది.

ముందుగా మాట్లాడేది ఎవరు

1986 జనవరి 28న ఛాలెంజర్ స్పేస్ షటిల్ పైకి లేచిన 73 సెకన్లకు ముక్కలైంది, ఏడుగురు మరణించారు. ఘన ఇంధన బూస్టర్ అతుకులోని సందును మూసే రబ్బరు ఓ-రింగ్ చలికి బిగుసుకుపోయి వేడి వాయువును ఆపలేకపోయింది. ముందు రోజు రాత్రే రోజర్ బాయిజోలీ, ఆయనతో పాటు మరికొందరు ఇంజనీర్లు అంత చలిలో ప్రయోగించవద్దని చెప్పారు. వారి మాట చెల్లలేదు. విచారణలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను మంచునీటిలో ముంచి, అది తిరిగి పొంగడం లేదని చూపించిన సంగతి లోకమంతటికీ తెలుసు. గురువుగారు మా చేత ఆ విచారణ నివేదికను వరుస తప్పకుండా చదివించారు. ఓ-రింగ్ గురించి కంటే ఆ రాత్రి ఎవరు ఏ వరుసలో మాట్లాడారన్న దాని గురించి ఎక్కువ అడిగారు.

అప్పటి నుంచి మా పరీక్షకు ముందు జరిగే సమావేశంలో ఒక పద్ధతి ఉండేది. అందరికంటే కొత్తగా చేరినవారు, కింది స్థాయివారు ముందు మాట్లాడాలి. పెద్దవారు చివర. మేస్త్రి గారిని తప్పక అడిగేవారు. ఒకసారి ఆయన "ఆ వాల్వు నిన్నటి కంటే బరువుగా తిరిగింది" అని ఒక్క మాట అన్నారు. కొలతలన్నీ బాగానే ఉన్నాయి. అయినా ఆ రోజు పరీక్ష ఆపి వాల్వు విప్పారు. లోపల సీలు చీలడం మొదలైంది. నేను పెద్ద పదవులకు వెళ్ళిన తరువాత కూడా ఆ వరుసను మార్చనివ్వలేదు. ఈ రంగంలో ఒక సంస్థ మంచిదో కాదో తెలుసుకోవాలంటే నేను మొదట చూసేది ఆ సమావేశాన్నే.

చీపురు

హైడ్రోజన్‌తో పని వచ్చాక మళ్ళీ కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. ద్రవ హైడ్రోజన్ -253 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఘనమీటరు ద్రవం 70 కిలోల చిల్లర మాత్రమే తూగుతుంది కనుక ట్యాంకులు పెద్దవి కావాలి. అయినా కిరోసిన్ ఇంజిన్ల స్పెసిఫిక్ ఇంపల్స్, అంటే ఇంధనం నుంచి ఎంత తోపు రాబట్టగలమో చెప్పే కొలత, శూన్యంలో 350 సెకన్ల చుట్టుపక్కల ఉంటే, హైడ్రోజన్ ఇంజిన్లది 450 చుట్టుపక్కలకు వెళ్తుంది. రాకెట్ పై దశలలో ఆ తేడాకు బదులు లేదు.

హైడ్రోజన్ మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. సెన్సర్లు సరిగా లేని తొలి రోజుల్లో ఆ కేంద్రాలలో పనిచేసినవారు ఒక చీపురును ముందుకు చాపుకుంటూ నడిచేవారు, చీపురు అంటుకుంటే అక్కడ మంట ఉన్నట్టు. మా దగ్గర మంచి డిటెక్టర్లు ఉన్నా, మేస్త్రి గారు గేటు పక్కన ఒక చీపురు నిలబెట్టి ఉంచేవారు. చేతికి అందేచోట అది ఉండాల్సిందే.

2010 ఏప్రిల్ 15న భారత జీఎస్‌ఎల్‌వీ రాకెట్ తొలిసారి స్వదేశీ క్రయోజెనిక్ దశతో, అంటే ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌లతో నడిచే దశతో, లేచినప్పుడు మేమంతా తెర ముందే ఉన్నాం. ఇంధనాన్ని ఇంజిన్ వైపు తోసే బూస్టర్ టర్బో పంపు ఆగిపోవడంతో ఆ ప్రయోగం విఫలమైంది. అంత చల్లని ద్రవంలో తిరిగే పంపులో ఎన్ని పొరపాట్లకు తావుందో తెలిసినవారెవరూ ఆ రోజు తేలికగా మాట్లాడలేదు. పునఃపరీక్షలన్నీ నేల మీద జరిగి, 2014 జనవరి 5న అదే తరహా దశ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. పంపులు, బేరింగులు, సీళ్ళు, కవాటాల మీద పేరు లేకుండా పనిచేసినవారే ఆ రోజు నాకు గుర్తొచ్చారు.

స్టాండ్‌కు దూరంగా

పదవులు పెరిగేకొద్దీ స్టాండ్‌కు వెళ్ళడం తగ్గింది. సమీక్షలు, బడ్జెట్లు, నియామకాలు. ఇంజిన్లను కంప్యూటర్‌లోనే మండించి చూసే రోజులు వచ్చాయి. కాగితం మీద పట్టీలా కనిపించిన కూత ఇప్పుడు తెర మీద రంగుల అలగా గది చుట్టూ తిరుగుతూ కనిపిస్తుంది. అది చూసినప్పుడు నాకు నిజంగా ఆనందం కలిగింది, ఎన్నో ఏళ్ళు ఊహించుకున్నది కళ్ళ ముందుకు వచ్చింది కనుక. ఇంజెక్టర్లను ఇప్పుడు లోహపు పొడితో పొరలు పొరలుగా త్రీడీ ప్రింటింగ్ చేస్తున్నారు. నెలలు పట్టే పని వారాల్లో అవుతోంది. అయితే సన్నని కాలువల్లో కరగని పొడి చిక్కుకుని ఉంటుంది, దాన్ని పూర్తిగా తీయాలి. కొత్త పిల్లలు దాని కోసం పడే తంటాలు చూస్తే కడుగుడు గది పేరు మార్చుకుని తిరిగి వచ్చిందనిపిస్తుంది.

పోయినదేమిటంటే చెవి. కంట్రోల్ గదులు స్టాండ్ నుంచి చాలా దూరం జరిగాయి, అది భద్రతకు మంచిదే. కాని ఇంజిన్ చప్పుడు వినకుండానే ఏళ్ళ తరబడి ఇంజిన్ల మీద పనిచేసేవారు ఇప్పుడు ఉన్నారు. వీలైనప్పుడల్లా వారిని నేను స్టాండ్ దగ్గరి బంకరుకు పంపుతాను.

మేస్త్రి గారు పోయిన తరువాత ఆయన కుటుంబం వారు ఒక నోటు పుస్తకం తెచ్చి ఇచ్చారు. పరీక్ష సంఖ్య, ఎదురుగా ఒకటి రెండు మాటలు: "మెత్తగా లేచింది", "చిన్న గరగర, ఆఖర్న", "సన్న కూత, ఆగింది". పాత కాగితపు చుట్టలు కూడా స్టోర్‌లో నల్ల సంచుల్లో భద్రంగానే దొరికాయి. మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి వాటిని స్కాన్ చేసి, గీతలను అంకెలుగా మార్చి, కంపనాల లెక్క కడుతోంది. ఆయన "గరగర" అని రాసిన పరీక్షల్లో కొన్నింటికి మా పాత నివేదికలు దహనం సాఫీగా సాగిందని చెబుతున్నాయి. ఆ అమ్మాయి లెక్కలో మాత్రం వంద కంపనాలకు కొంచెం పైన చిన్న శిఖరం స్పష్టంగా కనిపిస్తోంది. గీతల్లో మా స్కేలుకు అందనంత చిన్న అల అది.

ఆ పరీక్షలన్నింటినీ కలిపి కొత్తగా ఒక పట్టిక తయారు చేస్తున్నాం. పరిశీలకుడు అనే గడిలో ఆయన పేరు ఉంటుంది. రెండు పెట్టెల చుట్టలు పూర్తయ్యాయి. మూడో పెట్టెలో ఏ గీత ఏ సెన్సర్‌దో రాసిన చీటీలు కొన్ని ఊడిపోయాయట, అవి గుర్తుపట్టడానికి సోమవారం నన్ను రమ్మంది.